అమెరికా కాలేజీలలో మతం చదువు – నల్లజాతి వారి అనుభవం

(మన సంఘ వార్షికోత్సవ సభలో ఒక సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



మన సభలలో డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్సుమెంటు గురించి, లైఫ్ సర్టిఫికెట్టు గురించి మాట్లాడడానికి నాకంటె అనుభవజ్ఞులు చాలామంది ఉన్నారు. కార్యదర్శి గారు నాతో, "మీరు రిటైరైన తరువాత చదివిన విషయమేదైనా చెప్పండి, అరగంట మించవద్దు" అన్నారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ పైవారి ఆర్డరు పాటించడమే అలవాటు గనుక ఇప్పుడూ పాటిస్తున్నాను.

నేనెన్నుకున్న విషయం కొంచెం దూరదేశానిది. అమెరికా కాలేజీలలో మతాన్ని ఒక పాఠ్యాంశంగా, ముఖ్యంగా అక్కడి నల్లజాతి వారి అనుభవాన్ని దృష్టిలో పెట్టుకొని ఎలా చదువుతారు అన్నది. ఇది నా దాకా ఎలా వచ్చిందో మనవి చేస్తాను. మా మనవరాలు అక్కడ కంప్యూటర్ సైన్సు చదువుతున్నది. అక్కడి పద్ధతి ప్రకారం అసలు సబ్జెక్టుతో పాటు వేరే శాఖలలో కూడా కొన్ని తీసుకోవాలి. ఆ పిల్ల మతాల అధ్యయన శాఖలో నల్లజాతి వారి మతానుభవం అనే సబ్జెక్టు తీసుకున్నది. ఇంట్లో రెండు ప్రశ్నలు లేచాయి. మా అబ్బాయి, "లోను పెట్టి పంపింది ఇందుకా? దీనివల్ల ఏమి ప్రయోజనం?" అన్నాడు. మా ఇంటావిడ భయం వేరు. "దేవుణ్ణి పరీక్ష కోసం చదివితే పిల్లకు భక్తి పోతుందేమో" అన్నది. రెండూ కొట్టివేయదగిన ప్రశ్నలు కావు. అందుచేత నేనూ ఆ పుస్తకాలు కొన్ని తెప్పించి, నిదానంగా చదివాను.

ముందు ఈ చదువు ఏమిటో చెబుతాను. మనం పురాణ కాలక్షేపానికి వెళ్ళినా, క్రైస్తవ సోదరులు సండే స్కూలుకు వెళ్ళినా, ముస్లిం సోదరులు పిల్లలను మదరసాకు పంపినా, మనిషిని భక్తుడిగా తీర్చిదిద్దడం అక్కడి ఉద్దేశం. కాలేజీలో చదివే చదువు ఉద్దేశం అది కాదు. ఒక మతం ఎలా పుట్టింది, ఎవరు దానిని ఎందుకు నమ్మారు, ఆ నమ్మకం వారిచేత ఏమి చేయించింది అని తెలుసుకోవడమే దాని పని. 1963 జూన్ 17న అమెరికా సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఆబింగ్టన్ స్కూలు డిస్ట్రిక్టు, షెంప్ కేసు అంటారు. ప్రభుత్వ పాఠశాలల్లో భక్తి కార్యక్రమంగా బైబిలు పఠనం చేయించడం రాజ్యాంగ విరుద్ధమని 8 మంది జడ్జీలు, ఒకరు విభేదించగా, తేల్చారు. అదే తీర్పులో, మతాన్ని గురించి నిష్పక్షపాతంగా బోధించడానికి అభ్యంతరం లేదని కూడా వ్రాశారు. ఆ తరువాత అక్కడి రాష్ట్ర ప్రభుత్వాల విశ్వవిద్యాలయాలలో మతాధ్యయన శాఖలు విరివిగా ఏర్పడ్డాయి.

అయితే ఆ శాఖలలో మొదట చదివినదంతా చాలావరకు తెల్లవారి మతమూ, తెల్లవారి పండితులూను. 1968 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీ విద్యార్థులు సమ్మె కట్టారు. 1969 మార్చి దాకా సాగింది. ఆ సమ్మె ఫలితంగా నల్లజాతి అధ్యయనాలకు ఒక ప్రత్యేక శాఖ ఏర్పడింది. 1970లో నల్లజాతి మతాధ్యయనానికి పండితులు ఒక సంఘం పెట్టుకున్నారు. అంటే ఈ చదువు ఎవరో దయతలచి ఇచ్చినది కాదు, అడిగి తెచ్చుకున్నది. సంఘం పెట్టుకొని, అర్జీలు పెట్టి, ధర్నాలు చేసి హక్కులు సాధించుకున్న మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మిత్రులారా, ఆ చదువులో నన్ను మొదట ఆపివేసినది ఒక పుస్తకం కథ. మనం ఫైళ్ళతో బ్రతికినవాళ్ళం. ఫైలు చేతికి రాగానే మొదట చూసేది పేజీ నెంబర్లు. 14 తరువాత 19 ఉంటే, మిగతా ఫైలు ఎంత చక్కగా ఉన్నా, మనకు నిద్ర పట్టదు. 1807లో లండనులో ఒక బైబిలు అచ్చయింది. బ్రిటిషు వారి వెస్టిండీసు దీవులలోని నల్లజాతి బానిసల కోసం ఎంపిక చేసిన భాగాలు అని దానికి పేరు. ప్రొటెస్టెంటు బైబిలులో మొత్తం 1,189 అధ్యాయాలు ఉంటాయి. ఈ పుస్తకంలో ఉంచినవి 232. ఏవి తీశారో చూడండి. ఈజిప్టులో బానిసలైన ఇశ్రాయేలు జనాన్ని మోషే విడిపించి తీసుకుపోయిన కథ తీసేశారు. దేవుని ఎదుట దాసుడనీ స్వతంత్రుడనీ భేదం లేదన్న మాట తీసేశారు. ఏవి ఉంచారో కూడా చూడండి. యోసేపు బానిసగా అమ్ముడుపోయి, నమ్మకంగా పనిచేసి, పైకి వచ్చిన కథ ఉంచారు. దాసులు యజమానులకు లోబడి ఉండాలన్న మాట ఉంచారు. అందులో ఒక్క అబద్ధం కూడా కొత్తగా చేర్చలేదు, తీయవలసినవి తీశారంతే. ఆ పుస్తకం ప్రతులు చాలా కొద్దిగా మిగిలాయి. వాటిలో ఒకటి నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయంలో ఉన్నది. నల్లజాతి వారి చదువు కోసం 1866లో పెట్టిన కాలేజీ అది.

కాలేజీలో పిల్లలకు ఇచ్చే మొదటి పాఠం ఇదేనని నాకు అర్థమైంది. గ్రంథంలో ఏమి వ్రాసి ఉన్నదన్నది సగం సంగతి. దానిని ఎవరు, ఎవరికి, ఏ భాగాలు వినిపించారు, ఏ భాగాలు దాచారు, విన్నవాళ్ళు ఏమి అర్థం చేసుకున్నారు అన్నది మిగతా సగం. ఆ రెండో సగం చూడకుండా మతం చదివానంటే, నోట్ ఫైలు విప్పకుండా ఆర్డరు కాపీ మాత్రం చదివినట్టే.

ఇక విన్నవాళ్ళు ఏమి చేశారో చూద్దాం. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో బానిసలకు చదువు చెప్పడం చాలాచోట్ల నేరం. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ అనే బానిస, స్వయంగా బోధకుడు, తిరుగుబాటు నడిపిన తరువాత ఆ చట్టాలు మరింత బిగించారు. నల్లవారు తమంతట తాము ప్రార్థనకు కూడడం కూడా చాలాచోట్ల నిషేధమే. అయినా రాత్రివేళ అడవిలోకి, వాగుల పక్కకి పోయి కూడేవారు. శబ్దం బయటికి పోకుండా తడిపిన దుప్పట్లు కట్టేవారు. ఇనుప కుండను గుమ్మం దగ్గర బోర్లించి పెడితే శబ్దాన్ని అది పట్టి ఉంచుతుందని నమ్మేవారు. ఆల్బర్ట్ రాబొటో అనే ఆచార్యుడు ఈ రహస్య మతం గురించి 1978లో ఒక ప్రసిద్ధ గ్రంథం వ్రాశారు. ఆయన తల్లి కడుపులో ఉండగానే తండ్రి ఒక తెల్లవాడి తుపాకికి బలైపోయాడు. ఆ బిడ్డ పెరిగి, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో మతశాఖ ఆచార్యుడై, 2021లో కాలం చేశారు.

పుస్తకం నుంచి తీసేసిన మోషే కథ ఆ అడవిలో పాటగా వినిపించింది. చదువు రానివారు చెవి ద్వారా పట్టుకొని, నోటి ద్వారా పిల్లలకు అందించారు. దొర విన్నా అది భక్తిపాటే. లోపల మాత్రం విడుదల ఆశ. 1871లో ఫిస్క్ కాలేజీ అప్పుల్లో మునిగి మూతపడే స్థితిలో ఉండగా, జూబిలీ సింగర్స్ అనే విద్యార్థుల బృందం ఊరూరా తిరిగి ఈ పాటలు పాడి డబ్బు కూడబెట్టింది. 1873లో ఇంగ్లండులో విక్టోరియా రాణి ముందు పాడారు. ఆ డబ్బుతో కాలేజీకి పెద్ద భవనం లేచింది. కుండ బోర్లించి దాచుకున్న పాట ఒక కాలేజీని నిలబెట్టింది.

అందరూ క్రైస్తవులే అనుకోవద్దు. ఆఫ్రికా నుంచి తెచ్చినవారిలో ముస్లింలు గణనీయంగా ఉన్నారు. ఒమర్ ఇబ్న్ సయీద్ అనే ఆయన పశ్చిమ ఆఫ్రికాలో పాతికేళ్ళు చదువుకున్న పండితుడు. 1807లో చార్లెస్టన్ రేవులో అమ్మారు. పారిపోయి జైలులో పడితే, గోడల మీద బొగ్గుతో అరబ్బీలో వ్రాశాడట. 1831లో తన జీవితకథను అరబ్బీలో వ్రాశాడు. ఆ వ్రాతప్రతిని 2017లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సంపాదించి భద్రపరిచింది. ఆయన ఆ కథను ఖురానులోని ఒక అధ్యాయంతో ప్రారంభించాడు. సర్వాధిపత్యమూ భగవంతునిదే అని చెప్పే అధ్యాయం అది. అంటే, నన్ను కొన్నానంటున్న దొర నాకు నిజమైన యజమాని కాడని, ఆ దొరకు అర్థం కాని లిపిలో, దొర ఇంట్లోనే కూర్చుని వ్రాశాడు. ఇంత గట్టి అర్జీ నా సర్వీసులో నేను చూడలేదు.

ఇక స్వతంత్రులైన నల్లవారి పరిస్థితి. ఫిలడెల్ఫియాలో సెయింట్ జార్జి చర్చిలో 18వ శతాబ్దం చివర ఒక ఆదివారం, అబ్సలోం జోన్స్ అనే నల్లజాతి పెద్దమనిషి మోకాళ్ళ మీద ప్రార్థనలో ఉండగానే, ఇది మీరు కూర్చునే చోటు కాదని అక్కడి ధర్మకర్త లేపబోయాడు. ప్రార్థన ముగిసేదాకా ఆగమని ఆయన వేడుకున్నా వినలేదు. బానిసగా పుట్టి తనను తాను కొనుక్కొని విడిపించుకున్న రిచర్డ్ ఆలెన్ ఆ సమయంలో అక్కడే ఉన్నాడు. ప్రార్థన కాగానే నల్లవారంతా లేచి బయటికి నడిచారు. 1794లో ఆలెన్ బెతెల్ చర్చి కట్టాడు. 1816లో ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ చర్చి అనే స్వతంత్ర వ్యవస్థ ఏర్పడి, ఆయనే దానికి మొదటి బిషప్పు అయ్యాడు. కాలేజీలు కూడా ఆ చర్చిల నీడనే మొలిచాయి. 1867లో మోర్‌హౌస్ కాలేజీ, 1881లో ఆడపిల్లల కోసం స్పెల్మన్ కాలేజీ, రెండూ నల్లవారి చర్చిల నేలమాళిగలలోనే మొదలయ్యాయి.

ఇప్పుడు మన దేశంతో నిజంగా ముడిపడిన భాగానికి వస్తాను. హోవర్డ్ థర్మన్ అనే ఆయన 1899లో పుట్టాడు. ఫ్లోరిడాలో అమ్మమ్మ పెంపకంలో పెరిగాడు. ఆ అమ్మమ్మ పేరు నాన్సీ ఆంబ్రోజ్. బానిసగా పుట్టిన మనిషి, చదువు రాదు. మనవడు ఆమెకు బైబిలు చదివి వినిపించేవాడు. ఆమె ఏ భాగమైనా వినేది గాని, పౌలు వ్రాసిన లేఖలు మాత్రం దాదాపు చదవనిచ్చేది కాదు. కాలేజీ చదువుకు వెళ్ళి వచ్చిన తరువాత ఒకసారి ధైర్యం చేసి ఎందుకని అడిగాడు. దొరగారు పిలిపించే బోధకుడు ఎప్పుడు వచ్చినా పౌలు మాటే తీసి, దాసులు యజమానులకు లోబడాలని చెప్పేవాడనీ, తనకు ఎప్పటికైనా స్వేచ్ఛ వచ్చి, చదువు అబ్బితే ఆ భాగం మాత్రం చదవనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాననీ ఆమె చెప్పింది. ఎప్పుడో ఒకసారి రహస్యంగా వచ్చే బానిస బోధకుడు మాత్రం, మీరు బానిసలు కారు, దేవుని బిడ్డలు అనేవాడట. ఆ మాట విన్నప్పుడు వాళ్ళ వెన్నులు నిటారుగా నిలిచేవట.

నేను ఈ ఘట్టం మా ఇంటావిడకు చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ ముసలమ్మకు భక్తి పోలేదుగా" అన్నది. పోలేదు. అక్షరం రాని ఆ తల్లి ఏది దేవుడి మాటో, ఏది దొర మాటో తనకు తానే విడదీసుకున్నది. కాలేజీ ఆచార్యులు ఇప్పుడు పెద్ద పేర్లు పెట్టి నేర్పే పనిని ఆమె వంటింటి పక్కన కూర్చుని చేసింది.

ఆ థర్మన్ వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1935 చివర భార్య సూ బెయిలీ గారితో, మరొక జంటతో కలిసి సింహళం, ఇండియా, బర్మాల పర్యటనకు వచ్చాడు. కొలంబోలో ఒక న్యాయశాస్త్ర అధ్యాపకుడు ఆయనను నిలదీశాడు. మిమ్మల్ని ఆఫ్రికా నుంచి పట్టుకుపోయినవారు క్రైస్తవులు, బానిసలను మోసిన ఒక ఓడ పేరే జీసస్, ఇంకా మీరు ఆ మతంలో ఎలా ఉన్నారు అని. ఆ ఓడ మాట నిజమే. 1564లో జాన్ హాకిన్స్ అనే ఆంగ్లేయుడు బానిసల వ్యాపారానికి వాడిన ఓడ పేరు జీసస్ ఆఫ్ లూబెక్. ఆ ప్రశ్న థర్మన్‌ను వదలలేదు. 1949లో ఆయన వ్రాసిన 'జీసస్ అండ్ ది డిస్‌ఇన్‌హెరిటెడ్' అనే చిన్న పుస్తకం ఒకరకంగా దానికి సమాధానమే. గోడకు నొక్కిపెట్టబడినవారికి ఈ మతం ఏమి చెబుతుంది అన్నదే అందులో విచారణ.

1936 ఫిబ్రవరిలో బార్డోలీలో గాంధీజీని కలిశారు. గాంధీజీ తాను చెప్పడం కంటె అడగడమే ఎక్కువ చేశారట. బానిసత్వం గురించి, చదువుల గురించి, ఓటు గురించి అడిగి, మీవాళ్ళు ముస్లింలు ఎందుకు కాలేదని కూడా అడిగారట. అహింసా సందేశం నిర్మలంగా లోకానికి అందేది బహుశా మీ జాతివారి ద్వారానేనేమో అన్న భావం వెలిబుచ్చారు. ఆ మాటలు నడిచిన 20 ఏళ్ళకు, 1955–56లో మాంట్‌గోమరీలో బస్సుల బహిష్కరణ జరిగింది.

ఆ 1936 చివరలోనే బెంజమిన్ మేస్ అనే మరొక ఆచార్యుడు వచ్చి గాంధీజీని కలిశాడు. హోవర్డ్ విశ్వవిద్యాలయంలో మతవిద్యాశాఖకు అధిపతి ఆయన. నల్లవారి చర్చిలను ఊరూరా తిరిగి పరిశీలించి 1933లో ఒక సహచరునితో కలిసి గ్రంథం వ్రాసినవాడు. 1937 జనవరిలో మైసూరులో వై.ఎం.సి.ఎ. ప్రపంచ మహాసభకు హాజరైనప్పుడు, దగ్గరలోని పల్లెలో అంటరానివారి పిల్లల బడికి తీసుకువెళ్ళారు. హెడ్మాస్టరు ఆయనను, అమెరికాలోని అంటరానివారిలో పుట్టి ఇంతవాడైన మనిషి అని పిల్లలకు పరిచయం చేశాడు. మేస్ గారికి మొదట కోపం వచ్చింది. నిదానించి ఆలోచించుకుంటే, తన దేశంలో తన స్థితి అదే కదా అని తట్టింది. ఆత్మకథలో ఆయనే వ్రాసుకున్నాడు. అద్దం మన ఊళ్ళో ఉన్నది, ముఖం వాళ్ళది. ఇప్పుడు వాళ్ళ చరిత్ర చదువుతుంటే అద్దం వాళ్ళది, ముఖం మనది.

మా అబ్బాయి వేసిన ప్రయోజనం ప్రశ్నకు ఈ మేస్ గారి దగ్గరే జవాబు దొరికింది. 1940లో ఆయన మోర్‌హౌస్ కాలేజీ అధ్యక్షుడయ్యాడు. 1944లో 15 ఏళ్ళ కుర్రవాడొకడు అక్కడ చేరాడు. పాదరీ కొడుకు, పాదరీ మనవడు. అయినా చర్చిలో చెప్పేవన్నీ నమ్మలేక సందేహాలతో ఉన్నాడు. వైద్యమో, న్యాయవాదమో చదవాలనుకున్నాడు. అక్కడ జార్జి కెల్సీ అనే ఆచార్యుడి దగ్గర బైబిలును పాఠ్యగ్రంథంగా చదివాడు. కథల వెనుక ఉన్న సత్యాన్ని వెతికే పద్ధతి అప్పుడు తెలిసింది. 1948లో డిగ్రీ పూర్తికాకముందే పాదరీగా దీక్ష తీసుకున్నాడు. ఆ కుర్రవాడే మార్టిన్ లూథర్ కింగ్. మా ఇంటావిడ భయపడిన పరీక్ష చదువే ఆయన సందేహాన్ని విశ్వాసంగా మార్చింది. 1968 ఏప్రిల్‌లో కింగ్ హత్యకు గురైనప్పుడు అంత్యక్రియలలో సంస్మరణ ప్రసంగం చేసినది ఆ వృద్ధ గురువు మేస్ గారే. ఏ చదువుకు ఏమి ప్రయోజనమన్నది జీతం కాగితం మీద మాత్రమే తేలదు.

ఈ చదువు భజన కాదని కూడా చెప్పాలి. ఇందులో తగవులు ఉన్నాయి. ఆఫ్రికా ఆచారాలు సముద్రం దాటి ఎంతవరకు మిగిలాయని 1940లలో ఫ్రేజియర్, హెర్స్కోవిట్స్ అనే ఇద్దరు పండితులు గట్టిగా వాదించుకున్నారు. బానిసత్వం అంతా తుడిచివేసిందని నల్లవాడైన ఫ్రేజియర్, నడకలో, పాటలో, పూనకంలో చాలా మిగిలిందని తెల్లవాడైన హెర్స్కోవిట్స్. 1969లో జేమ్స్ కోన్ అనే యువ ఆచార్యుడు, దేవుడు అణగారినవారి పక్షమే గాని రెండు పక్షాలకూ సమానుడు కాడని, నల్లవారి విముక్తిని విడిచిపెట్టిన బోధ క్రైస్తవమే కాదని వ్రాసి గగ్గోలు పుట్టించాడు. న్యూయార్కులోని యూనియన్ సెమినరీలో 2018లో మరణించేదాకా బోధించాడు. 1973లో విలియం జోన్స్ అనే తత్త్వవేత్త ఎదురు ప్రశ్న వేశాడు. దేవుడు మీ పక్షమైతే ఇన్ని వందల ఏళ్ళు ఇంత బాధ ఎందుకు, ఏ ఆధారంతో మీ పక్షమంటున్నారు అని. తరువాత ఆడవారు లేచారు. మీ విముక్తి శాస్త్రంలో మేమెక్కడ అన్నారు. డెలోరిస్ విలియమ్స్ గారు 1993లో వ్రాసిన గ్రంథంలో మోషేను పక్కన పెట్టి, అబ్రాహాము ఇంటి దాసి హాగరును ముందుకు తెచ్చారు. బిడ్డతో ఎడారిలోకి వెళ్ళగొట్టబడిన ఆ తల్లికి దొరికినది విముక్తి కాదు, ఆ పూటకు నీళ్ళు, బ్రతికే దారి. చాలామంది ఆడవాళ్ళ బ్రతుకు అదే కదా అన్నారు.

ఈ తగవులు పుస్తకాలలో ఉండిపోయేవి కావు. 2015 జూన్ 17 రాత్రి చార్లెస్టన్‌లో ఇమాన్యుయేల్ చర్చిలో బైబిలు పఠనానికి కూర్చున్నవారి మధ్యకు ఒక తెల్ల యువకుడు వచ్చాడు. కూర్చోబెట్టారు. సుమారు గంటసేపు వారితో కూర్చుని, తొమ్మిదిమందిని కాల్చి చంపాడు. రెండు రోజులకు కోర్టులో, చనిపోయినవారి బంధువులు కొందరు అతణ్ణి క్షమిస్తున్నామన్నారు. ఆ క్షమ గొప్పదా, లేక నల్లవారినుంచి లోకం ఎప్పుడూ క్షమనే ఆశిస్తుందా అని నల్లవారిలోనే వాదం జరిగింది. మా మనవరాలి క్లాసులో ఈ ఒక్క ప్రశ్న మీద రెండు రోజులు చర్చ జరిగిందట. ఆ పిల్ల ఫోనులో నన్నడిగింది, "తాతయ్యా, మీరైతే ఏమంటారు?" అని. నేను, "బాధపడినవాళ్ళు క్షమించవచ్చునమ్మా, పక్కన నిలబడి చూసినవాళ్ళు వాళ్ళను క్షమించమని అడగకూడదు" అన్నాను. అంతకుమించి నాకు తోచలేదు.

సభలో పెద్దలున్నారు, ఒక మాట నిర్మొహమాటంగా మనవి చేస్తాను. ఇదంతా అమెరికా వారి గొడవ అని లేచిపోవడానికి మనకు వీలులేదు. నా చిన్నతనంలో మా ఊరి టీ కొట్టులో కొందరి గ్లాసులు చూరుకు వేలాడుతూ ఉండేవి. అవి ఎవరివో మీకు తెలుసు. రాజ్యాంగంలో 17వ అధికరణం 1950లోనే అమలులోకి వచ్చింది. చూరు దాకా రావడానికి దానికి చాలా ఏళ్ళు పట్టింది. గుర్రం జాషువా గారు 1941లో గబ్బిలం వ్రాశారు. గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉన్నది, కనుక దానిచేత శివుడికి తన మొర పంపుకున్నాడు ఆ కావ్యనాయకుడు. మోకాళ్ళ మీది నుంచి లేపబడిన అబ్సలోం జోన్స్‌కు ఆ నాయకుడు అన్నదమ్ముడు కాడా? 1981లో బెంగుళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ గారు చేసిన ప్రసంగంతో దళిత క్రైస్తవ చింతన ఒక శాస్త్రంగా రూపు కట్టింది. అమెరికా నల్లవారి ఆలోచన దానికి ఊపిరి పోసినవాటిలో ఒకటి.

మన ఆఫీసుల్లో ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసిన కాగితం, ఎల్.డిస్. అంటే కొద్దికాలం ఉంచి తగలబెట్టవలసినది. లోకం చాలామంది బ్రతుకులను ఎల్.డిస్. వేసి పారేసింది. ఈ చదువు వాటిని రికార్డు రూములోనుంచి తీసి, దుమ్ము దులిపి, ఆర్.డిస్. వేస్తున్నది. నా దృష్టిలో ఇంతకంటె మంచి క్లర్కు పని లేదు.

ఆ పని ఎలా జరిగిందో చెప్పి ముగిస్తాను. 1936 నుంచి 1938 వరకు అమెరికా ప్రభుత్వం, నిరుద్యోగులైన రచయితలకు పని కల్పించే పథకం క్రింద, బానిసత్వంలో పుట్టి ఇంకా బ్రతికి ఉన్న ముసలివారి ఇళ్ళకు మనుషులను పంపింది. 2,300 మందికి పైగా చెప్పినది వ్రాసుకున్నారు. వారిలో ఎక్కువమంది ఎనభైలు, తొంభైలు నిండినవారు. అడగవచ్చినవారిలో ఎక్కువమంది తెల్లవారు గనుక చెప్పేవారు కొంత దాచుకొని చెప్పారనీ, జాగ్రత్తగా చదవాలనీ ఆచార్యులు హెచ్చరిస్తారు. అయినా బోర్లించిన కుండ సంగతి, తడి దుప్పటి సంగతి ఈనాడు మనకు తెలిసిందంటే ఇలాంటి ముసలివారు చెప్పబట్టే. మరో పదేళ్ళు ఆలస్యమై ఉంటే చెప్పేవారే మిగిలేవారు కారు.

మనమూ ఆ వయసుకే వచ్చాము. మన అమ్మలు, అమ్మమ్మలు ఏ పాట పాడేవారు, ఏ వ్రతం ఎందుకు చేసేవారు, ఏ గుడి ముందు ఎవరిని నిలబెట్టేవారు, ఏ పీరు పండుగకు ఎవరు ఏ పని చేసేవారు, ఏ చర్చి కట్టడానికి ఎవరు రాళ్ళు మోశారు, ఇవన్నీ మన తలకాయల్లో ఉన్నాయి. మన సంఘంలో అన్ని కులాలవారు, అన్ని మతాలవారు ఉన్నారు. ఒక్కొక్కరూ ఒక వంద పేజీల నోటుబుక్కు కొని, నిజం నిజంగా, మంచీ చెడూ రెండూ వ్రాయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. చేయి వణికేవారు మనవలచేత వ్రాయించండి. కార్యదర్శి గారు అనుమతిస్తే సంఘం బీరువాలో ఒక అర కేటాయిద్దాం. పేజీ నెంబర్లు వేసి ఇవ్వండి, ఒక్కటి కూడా తీసేయకుండా చూసే పూచీ నాది.